60 ఏళ్ల నాటి మిద్దెలో బ్యాటెన్ వైరింగు: పీకాలా, ఉంచాలా?

పాతూరు_మిద్దె | శనివారం, ఉదయం 9:10
అందరికీ నమస్కారం. మాది అనంతపురం పాతూరులో మట్టి మిద్దె. మా జేజినాయన కట్టించింది. కరెంటు 1963లో పెట్టించినారు, మీటరు కాడ చెక్క బోర్డు మీద ఆ సంవత్సరం రంగుతో రాసి ఉంది. గోడల మీద టేకు బ్యాటెన్లు (తీగలు పరిచే సన్న చెక్క పట్టీలు), అరడుగుకొక క్లిప్పు, నల్లటి రబ్బరు తీగలు. గుండ్రటి చెక్క దిమ్మెల మీద బేకలైటు స్విచ్చులు. రెండు కాళ్ల ప్లగ్గులు నాలుగు. మెయిన్ కాడ పింగాణీ కిట్‌క్యాట్లు, అదే ఫీజు తీగ పెట్టే గూళ్లు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఇంట్లో వైరింగు వల్ల కరెంటు ఆగింది లేదు.

ఇప్పుడు ఒక ఎలక్ట్రీషియన్ చూసి, అంతా పీకి గోడలో పైపులేస్తే 1,10,000 అన్నాడు. ఇంకొకాయన, మట్టి గోడ తవ్వితే నిలవదు, ప్లాస్టిక్ కేసింగు పైనే కొడదాం, 45,000 అన్నాడు. మూడో ఆయన "దీనికేం పుట్టింది, ముట్టుకోవద్దు" అని టీ తాగి పోయినాడు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. నేను బెంగళూరు. తెలిసినవాళ్లు చెప్పండి.

కడపబండ | 9:22
ఆ మూడో ఆయన నంబరు ఇవ్వప్పా. టీతో పోయే ఎలక్ట్రీషియన్ మా ఊర్లో ఒక్కడూ లేడు.

తీగలపని | 10:05
నేను ప్రొద్దుటూరులో నలబై ఏండ్లు వైరింగు పని చేసినా. వైర్‌మన్ పర్మిట్టు ఉండాది. ఇప్పుడు కండ్లు సరిగ్గా కనపడక మానుకున్నా. నేను చెప్తాంటే నా కొడుకు టైపు చేస్తాండాడు, తప్పులుంటే వాన్ని తిట్టండి.

ఆ పని చేసినోడు ఎవుడో గానీ చెయ్యి తిరిగినోడు. అరడుగుకొక క్లిప్పు అన్నావే, ఆ ఒక్క మాట చాలు. మట్టి గోడలో స్క్రూ నిలవదు. చెక్క గుల్లలు చెక్కి, గోడకు బొక్క తీసి, సున్నం గట్టిగా కూరి దాంట్లో దిగ్గొట్టాల. మన్నాడు దాకా ఆగి అప్పుడు బ్యాటెన్ బిగించాల. దారం పట్టి గీత గీసుకోవాల. తీగను నడిమధ్యలో యాడా అతికేది లేదు, జాయింటు ఉంటే సీలింగ్ రోజ్‌లోనో బోర్డులోనో ఉండాల. నా గురువు అట్ల చెయ్యకుంటే పీకి మళ్లీ కొట్టమనేవాడు. ఇప్పటి పిల్లోల్లు పైపులో ఆరు తీగలు తోసి, లోపల యాడ అతికినారో వాళ్లకే తెలీదు.

బ్యాటెన్‌లో తీగ కంటికి కనపడతాది. ఎలుక కొరికినా, ఉడికినా తెలుస్తాది. చెడింది తీగ గాదు, దాని మీద మనం వేసిన బరువు. ఆ కాలంలో ఇంటికి ఆరు బల్బులు, రెండు ఫ్యాన్లు. అరవై వాట్లవి ఆరు 360, ఫ్యాన్లు 150, మొత్తం 510 వాట్లు. రెండుంబావు ఆంపియర్లు. 1/18 సైజు తీగకు అది లెక్కే గాదు. ఇప్పుడు అదే ప్లగ్గులో 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి పెడితే దగ్గర దగ్గర తొమ్మిది ఆంపియర్లు లాగుతాది. తప్పు తీగదా, పొయ్యిదా? పీకొద్దు. బరువు తియ్యి.

ముప్పైమిల్లీ | 10:48
పెద్దాయన మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను. ఆ వైరింగు మ్యూజియంలో ఉండాలి, మనిషి ఉండే ఇంట్లో కాదు.

మొదటిది, ఆ రబ్బరు తీగ 60 ఏళ్లు అనంతపురం ఎండల్లో మగ్గింది. చూడటానికి బాగుంటుంది. బల్బు హోల్డరు పైన, సీలింగ్ రోజ్ దగ్గర ఒకసారి వంచి చూడండి, బిస్కెట్ లాగా పొడి రాలుతుంది. ఎవరూ కదపనంత వరకే దానికి ఆయుష్షు.

రెండోది, అసలుది. ఆ ఇంట్లో ఎర్త్, అంటే కారిన కరెంటును భూమిలోకి పంపే తీగ, లేదు. రెండు తీగలే, కరెంటు తెచ్చే ఫేజు, తిరిగి తీసుకుపోయే న్యూట్రల్. రెండు కాళ్ల ప్లగ్గు అంటే అర్థం అదే. మూడు పిన్నుల ప్లగ్గులో పైపిన్ను ఎందుకు లావుగా, పొడుగ్గా ఉంటుంది? లోపలికి పోయేటప్పుడు అదే ముందు తగలాలి, బయటికి వచ్చేటప్పుడు అదే చివర వదలాలి. ఫేజు తగిలే ముందే సామాను ఒంటికి భూమితో సంబంధం ఉండాలని. ఆ సంబంధం లేని ఇంట్లో ఇనుప సామాను పెట్టుకుని క్లిప్పులు లెక్కబెట్టుకుంటూ కూర్చుంటే ఏం లాభం? అది చెత్తలో వేయాల్సిన వైరింగు. 1,10,000 అయినా సరే, పీకించండి.

కొండారెడ్డిబురుజు | 11:15
గోడలో పైపులు మాత్రం వద్దు. నేను కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబరులో తుంగభద్ర ఇండ్లల్లోకి వచ్చింది చూసినోణ్ణి. అంతకు రెండేళ్ల ముందే ముచ్చటపడి ఇల్లంతా కన్సీల్డ్ చేయించినాను. నీళ్లు దిగినాక చూస్తే పైపుల నిండా ఒండ్రు. తీగ లాగితే రాదు, తోస్తే పోదు. గోడలన్నీ మళ్లీ తవ్వినాం. మూడు నెలలు లాంతరే. ఎదురింటి ముసలాయన ఇంట్లో బ్యాటెన్. క్లిప్పులు ఇప్పి, తుడిచి, ఆరబెట్టి, చెడిన తీగ మార్చి మూడో వారానికి లైటు వేసుకున్నాడు. ఆయన నన్ను చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు.

ముప్పైమిల్లీ | 11:24
అన్నా, అడిగిన ఇల్లు అనంతపురంలో ఉంది. పాతూరుకు తుంగభద్ర రాదు.

కొండారెడ్డిబురుజు | 11:31
తుంగభద్ర రాదు, నడిమివంక వస్తుంది. 2022 అక్టోబరులో అనంతపురం కాలనీల్లో నీళ్లు ఎంత లోతు నిలిచినాయో ఆ ఊరోళ్లను అడుగు. వానలు పడని ఊరు అని మీరందరూ అనుకునే లోపలే వచ్చింది.

గుండ్రటిపిన్ను | 12:02
చిన్న సవరణ. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు బ్రిటన్ వాళ్ల బీఎస్ 546 కొలత, 1934 నాటిది. వాళ్లు 1947లోనే బల్లపరుపు పిన్నులకు, ప్లగ్గులోనే ఫీజు ఉండే పద్ధతికి మారిపోయినారు. మనం పాతదే పట్టుకుని ఐఎస్ 1293 అని రాసుకున్నాం. చిన్నది 6 ఆంపియర్లు, పెద్దది 16. జనం ఇంకా 5, 15 అనే అంటారు. అది తప్పు.

తీగలపని | 12:20
పదహైదు ఆంపియర్ల ప్లగ్గు అంటే అంగట్లో ఇస్తాండారు గదా నాయనా. ఇంగ తప్పేముండాది.

గుండ్రటిపిన్ను | 12:23
16.

తీగలపని | 12:58
ఎర్త్ ఎర్త్ అంటాండావే ముప్పైమిల్లీ, అనంతపురం నేలలో ఎర్త్ యాడుంటాది? మూడు గజాలు తవ్వినా పొడి గరుసే. జీఐ పైపు దించి, చుట్టూ ఉప్పు, బొగ్గులు పోసి, పైన సిమెంటు తొట్టి కట్టి, వారానికి ఒక బిందె నీళ్లు పోయమని చెప్పి వచ్చేవాళ్లం. ఎవురు పోస్తారు? తాగేదానికే నీళ్లు కొనుక్కునే వీధుల్లో ఎర్త్ గుంతకు బిందెడు నీళ్లంటే నవ్వేటోళ్లు. ఎండాకాలం వచ్చేసరికి గుంతలో ఉప్పు రాయి అయిపోయుంటాది. బోర్డులో పచ్చ తీగ ఉంటాది, కింద ఎర్త్ ఉండదు. లేని ఎర్త్ ఉందనుకునేది ఇంగా ప్రమాదం.

ముప్పైమిల్లీ | 1:30
మీరు నా మాటే చెబుతున్నారు, మీకు తెలియడం లేదు. లెక్క చూడండి.

వేసవిలో ఆ గుంత నిరోధం 50 ఓములు అనుకుందాం. ఫ్రిజ్ లోపల ఫేజు తీగ ఒరిసి దాని ఒంటికి తగిలింది. 230ని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు భూమిలోకి పోతాయి. 15 ఆంపియర్ల ఫీజు దానికి పోతుందా? పోదు. (16 అనే ఆయన కాస్త ఆగాలి.) ఫ్రిజ్ ఒంటి మీద కరెంటు అట్లాగే నిలబడి ఉంటుంది. ఎర్త్ ఒక్కటే సరిపోదని నేనూ అంటున్నాను. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కారితే దానంతటదే పడిపోయే స్విచ్చు, కావాలి. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు రెండూ సమానమా కాదా అని మాత్రమే అది చూస్తుంది. గుంత నిరోధం 1000 ఓములున్నా 230 మిల్లీ ఆంపియర్లు పోతాయి, 30కి ఏడింతలు పైనే. రెప్పపాటులో పడిపోతుంది. ఎర్త్ బొత్తిగా లేకపోయినా, మనిషి తగిలినప్పుడైనా పడుతుంది. పొడి నేలలో దానికంటే దిక్కు లేదు.

తీగలపని | 1:52
రెండు చేతుల్తో రెండు తీగలూ పట్టుకుంటే నీ ముప్పై మిల్లీ ఏం చేస్తాది?

ముప్పైమిల్లీ | 1:55
ఏమీ చెయ్యదు. హెల్మెట్ పెట్టుకున్నా కాలు విరుగుతుంది. అందుకని హెల్మెట్ మానేస్తామా?

పాతూరు_మిద్దె | 2:40
ఆర్‌సీసీబీ గురించి ఒక మాట. మా పక్కింట్లో కూడా మా లాంటి వైరింగే. పోయినేడు పెట్టించుకున్నారు. చినుకు పడితే చాలు, పడిపోయేది. మిద్దె కారి గోడ తేమ పడుతుంది కదా. రాత్రి మూడుసార్లు లేచి ఎత్తలేక, పెట్టినాయననే పిలిచి, కరెంటు దాని గుండా పోకుండా పక్క నుంచి తీగ కలిపించుకున్నారు. ఇప్పుడు అది బోర్డులో అలంకారానికి ఉంది. అందుకే మేము పెట్టించలేదు.

మా ఇంట్లో పెద్ద సామాను ఫ్రిజ్ ఒక్కటే. ముట్టుకుంటే జిల్లుమంటోందని అమ్మ అంటే, రెండేళ్ల కింద ఒకతన్ని పిలిచి మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించి ఎర్త్ ఇప్పించాం. అప్పటి నుంచి ఏ సమస్యా లేదు. కాబట్టి ఫ్రిజ్ సంగతి పక్కన పెట్టి, మిగతా వైరింగు మాట చెప్పండి.

ముప్పైమిల్లీ | 3:05
చినుకు పడితే పడిపోతోందంటే అది చెడిపోయినట్టు కాదు, నిజం చెబుతున్నట్టు. తడి గోడలోకి కరెంటు కారుతోంది. అట్లాంటి ఇంట్లో ఆ చెత్త వైరింగు ఉంచమని చెప్పేవాళ్లు ఆలోచించాలి.

తీగలపని | 3:20
చెత్త అని రెండుసార్లు అన్నావు. ఇంగ మూడోసారి అనొద్దు. నేను వైరింగు చేసిన ఇండ్లు ఎన్నో నాకే లెక్క లేదు. మిద్దె మీద మే నెలలో, దంతెకు (కప్పు కట్టెకు) తాడు కట్టుకుని, నోట్లో మేకులు పెట్టుకుని కొట్టినాం. డ్రిల్లు మిషను లేదు. రోజుకు ఒక పాయింటు అయితే గొప్ప. నా చేతి కింద ఒక్క ఇల్లు కాలలా. నువ్వు కంప్యూటరు ముందర కూచోని ఓముల లెక్క చెప్తాండావు. ఒక్క రౌండు బ్లాకు బిగించినావా నీ జన్మలో?

ముప్పైమిల్లీ | 3:41
బిగించలేదు. కానీ బిగించినవాళ్ల మాట విని పోగొట్టుకున్నాం. 1994లో మా మేనత్త. తడి కాళ్లతో గ్రైండరు మీద చెయ్యి పెట్టింది. కింద నాపరాయి. అంతకు నెల కిందే జిల్లుమంటోందని మామ వైర్‌మన్‌ను పిలిపించినాడు. ఆయన వచ్చి గోడల మీద బ్యాటెన్ చూసి ఇట్లాగే మెచ్చుకున్నాడు. ఎంత బాగా కొట్టినారో, దీన్ని ముట్టుకోవద్దు అన్నాడు. గ్రైండరుకు ఎర్త్ లేదన్న మాట మాత్రం అనలేదు. నాకు అప్పుడు పదకొండేళ్లు. గోడ మీద తీగ ఎంత వంకర లేకుండా పోయిందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

కడపబండ | 3:44
…

నిర్వాహకుడు | 4:00
ఇద్దరూ కాస్త నిదానించండి. వ్యక్తిగత మాటలు వద్దు.

వంటింటి_గడప | 4:35
పొద్దున్నుంచి చదువుతున్నాను. నేను కడపలో ఉంటాను, నాకు వైరింగు రాదు. ఒకటి అడుగుతాను.

పాతూరు అన్నగారూ, ఫ్రిజ్‌కు ఎర్త్ ఇప్పించామన్నారు. ఎర్త్ గుంత తవ్వినట్టు ఎక్కడా రాయలేదు. ఇంట్లో రెండు తీగలే అని అందరూ అంటున్నారు. మరి ఆ మూడో తీగ ఎక్కడికి పోయింది?

ఇంకొకటి. ఇక్కడ మాట్లాడేవాళ్లలో రోజూ ఆ ఫ్రిజ్ తలుపు తెరిచేవాళ్లు ఒక్కరూ లేరు. అంట్లు తోమి తడి చేత్తో, బండల మీద ఒట్టి కాళ్లతో తెరిచేది మీ అమ్మగారు. ఆమెను అడిగినారా?

పాతూరు_మిద్దె | 5:10
అమ్మకు వైరింగు గురించి ఏం తెలుస్తుందండీ. అయినా మీరన్నారని పక్కింటి పిల్లోణ్ణి పంపి, మెయిన్ ఆపి బోర్డు ఇప్పించి ఫోటో తెప్పించినాను. మూడో పిన్ను నుంచి చిన్న తీగ ముక్క ఒకటి పక్క పిన్నుకే కలిపి ఉంది. బయటికి ఏ తీగా పోలేదు. కానీ షాక్ కొట్టడం లేదు కదా, ఆ పద్ధతి కూడా ఉందేమో అనుకున్నాను.

తీగలపని | 5:16
ఆ పక్క పిన్ను న్యూట్రలా? మెయిన్ కాడ కిట్‌క్యాట్లు ఎన్ని? ఒకటా, రెండా? బిరీన చెప్పు.

పాతూరు_మిద్దె | 5:29
న్యూట్రలే అంట, టెస్టరు వెలగలేదంట. కిట్‌క్యాట్లు రెండు. మీటరు నుంచి వచ్చే రెండు తీగలకూ ఒక్కోటి.

తీగలపని | 5:38
అబ్బాయ్, ముందు ఫోన్ చేసి ఆ ఫ్రిజ్ ప్లగ్గు పీకించు. పీకేటప్పుడు కూడా మెయిన్ ఆపి పీకమను. ఆ తర్వాత చదువు.

పాతకాలంలో ఫేజుకు, న్యూట్రల్‌కు రెండిటికీ ఫీజు పెట్టేవాళ్లు. ఫేజు ఫీజు పోతే సరే, ఇల్లంతా చచ్చిపోతాది, భయం లేదు. న్యూట్రల్ ఫీజు పోతే? లైట్లు ఆరిపోతాయి. ఫేజు మాత్రం ఇంట్లోనే ఉండాది. యాదో ఒక స్విచ్చు వేసే ఉంటాది గదా, ఆ బల్బు లోనుంచో ఫ్యాను లోనుంచో ఫేజు పోయి ఇంట్లో న్యూట్రల్ తీగ పొడుగునా నిలబడతాది. నీ ఫ్రిజ్ ఒళ్లు ఆ న్యూట్రల్‌కే కట్టినారు. కరెంటు పోయిందనుకుని మీ అమ్మ చీకట్లో పోయి, పాలు చెడతాయని ఫ్రిజ్ మీద చెయ్యి పెడతాది. 230.

ముందర జిల్లుమన్నది చిన్నది. దాన్ని పోగొట్టి పెద్దదాన్ని తెచ్చి పెట్టినాడు ఆ పని చేసినోడు.

ముప్పైమిల్లీ | 5:52
పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో దారి కూడా ఉంది. స్తంభం దగ్గర సర్వీసు వైరు తెగి మళ్లీ కలిపేటప్పుడు రెండు తీగలూ తారుమారైతే, అంతా మామూలుగా వెలుగుతుంది. ఫ్రిజ్ ఒళ్లు మాత్రం నేరుగా ఫేజు. పిన్నుల మధ్య ఈ తీగ ముక్క ఉన్నంత కాలం ఆర్‌సీసీబీ పెట్టినా, లోపలి ఫేజు తీగ ఒంటికి తగిలితే ఆ కరెంటు న్యూట్రల్ గుండానే తిరిగొస్తుంది కాబట్టి దానికి తేడా కనబడదు. ముందు ఆ ముక్క తీసేయాలి.

కానీ ఒకటి. న్యూట్రల్‌లో విడిగా ఫీజు పెట్టకూడదని 1956 కరెంటు రూల్సులో 32వ రూలు. ఈ ఇల్లు వైరింగు చేసింది 1963. పొద్దున మీరు మెచ్చుకున్న చెయ్యే అది.

తీగలపని | 6:20
అవును. పెట్టకూడదు. మేమూ పెట్టినాం. రూలు తెలిసీ పెట్టినాం. ఇంటోళ్లు "రెండు తీగలొస్తే ఒగదానికే ఫీజా, డబ్బు మిగుల్చుకుంటాండావా" అని అడిగేవాళ్లు. రెండు పెడితే భద్రం అనుకునేవాళ్లు.

మీ మేనత్త మాట చదివినా. కొడుకు రెండుసార్లు చదివి వినిపిచ్చినాడు. దానికి నా కాడ జవాబు లేదు.

కొండారెడ్డిబురుజు | 6:31
ఇదంతా సరే, గోడలో పైపులు మాత్రం వద్దు.

పాతూరు_మిద్దె | 8:15
ఫ్రిజ్ ప్లగ్గు పీకించినాను. చేతులు వణికినాయి ఫోన్లో మాట్లాడుతుంటే.

ఇంత జరిగినాక దాచేదేముంది. మా అన్న హైదరాబాదులో ఉంటాడు. ఇల్లు అమ్మేద్దాం అంటున్నాడు. వైరింగు కుళ్లిపోయింది, ఎప్పుడు కాలుతుందో తెలీదు, అమ్మను తీసుకుపోదాం, అమ్మేసే ఇంటికి లక్ష పోస్తామా అని. నాకు అమ్మడం ఇష్టం లేదు. ఎవరైనా తెలిసినవాళ్లు "వైరింగు బంగారంలాగుంది" అంటే అన్నకు చూపిద్దామని ఇక్కడ అడిగినాను. పొద్దున తీగలపని గారు రాసింది అప్పుడే అన్నకు పంపించేసినాను కూడా.

తీగలపని | 8:40
నన్ను సాక్షికి పెట్టుకున్నావా! ఇల్లు చూడకుండా, నువ్వు రాసింది చదివి మెచ్చుకున్నోణ్ణి. మీ అన్నకు ఇంగో మాట పంపు. పొద్దున నేను చెప్పింది పని గురించి. మనిషి ఉండేదానికి పనికొస్తాదా లేదా అనేది మెగ్గర్, అదే తీగ తొడుగులోంచి కరెంటు కారతాందా అని కొలిచే మిషను, పెట్టి చూస్తే గానీ ఎవురూ చెప్పలేరు. మెయిన్ ఆపి, బల్బులు, ప్లగ్గులు అన్నీ తీసేసి, 500 వోల్టుల మెగ్గర్‌తో తీగకూ భూమికీ మధ్య చూడాల. ఒక మెగాఓముకు తక్కువ చూపిస్తే ఆ తీగను నేను గూడా ఉంచమనను. దానికి అరపూట పని. లక్ష గాదు.

కడపబండ | 8:44
వైరింగు చర్చ అనుకున్నా. భాగపరిష్కారం కేసు.

ముప్పైమిల్లీ | 9:02
మీ అన్నగారు చెప్పింది అబద్ధం అనుకున్నారు, మీరు చెప్పింది నిజం అనుకున్నారు. ఇద్దరూ ఒక్కసారి కూడా బోర్డు ఇప్పి చూడలేదు. నా కోపం అంతా అక్కడే.

వంటింటి_గడప | 9:20
అమ్మను అడిగినారా అన్నాను. ఇంకా జవాబు రాలేదు.

పాతూరు_మిద్దె | ఆదివారం, ఉదయం 10:30
పొద్దున్నే అడిగినాను. రాయాలంటే సిగ్గుగా ఉంది.

ఫ్రిజ్ సంగతి చెబితే "నేను ఎప్పుడూ రబ్బరు చెప్పులు వేసుకునే తీస్తా కదా" అనింది. ఎప్పటి నుంచి అంటే, ఫ్రిజ్ కొన్నప్పటి నుంచి. రెండేళ్ల కింద జిల్లుమనడం ఆగిపోయినా చెప్పులు మానలేదంట. "ఆగింది అన్నారు. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు, అందుకే మానలేదు" అనింది.

ఇల్లు అమ్మే మాట ఎత్తలేదు. వైరింగు చేయిస్తే నీకేం కావాలమ్మా అంటే రెండే చెప్పింది. జాలాడిలో, అంట్లు తోమే కాడ, ఒక లైటు. ఇంకోటి, మంచం పక్కన ఒక స్విచ్చు. పడసాలలో లైటు స్విచ్చు తలవాకిలి పక్కన ఉంది. రాత్రి లేస్తే చీకట్లో గోడ పట్టుకుని అంత దూరం నడిచి వేస్తుందంట, మళ్లీ ఆపి చీకట్లో నడిచి వచ్చి పడుకుంటుంది. ఇన్నేళ్లుగా.

మెగ్గర్ ఉన్నాయన బుధవారం వస్తానన్నాడు. నేను మంగళవారం రాత్రి బయల్దేరుతున్నాను. ఆ మంచం కాడ స్విచ్చు ఎట్లా పెట్టాలి?

తీగలపని | 10:52
అది టూవే, ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసి ఆపేది. వాకిలి కాడ ఒకటి, మంచం కాడ ఒకటి, రెండు టూవే స్విచ్చులు. నడుమ రెండు తీగలు, లైటుకు పోయేది ఇంకోటి. దంతె కింద ఇంకో బ్యాటెన్ కొడితే సరిపోతాది. టేకు మా ఊర్లో ఒకాయన కాడ ఇంగా ఉండాది, అడగమంటావా?

ముప్పైమిల్లీ | 10:58
మళ్లీ బ్యాటెనా! ప్లాస్టిక్ కేసింగు, కొత్త రాగి తీగ, కొత్త సర్క్యూటు. ఆ స్విచ్చు, జాలాడి లైటు, ఫ్రిజ్ మూడూ కొత్త ఆర్‌సీసీబీ కింద పెట్టండి. న్యూట్రల్ కిట్‌క్యాట్ తీసేసి లింకు (ఫీజు లేకుండా నేరుగా కలిపే పట్టీ) వేయించండి, ఇంకా మేలు మెయిన్ మొత్తం రెండు తీగలనూ ఒకేసారి ఆపే డబుల్ పోల్ స్విచ్చుకు మార్చేయండి. ఫ్రిజ్‌కు గుంత తవ్వి నిజమైన ఎర్త్ ఇవ్వండి. కొత్త తీగ మీద ఆర్‌సీసీబీ ఊరికే పడదు. పాతది మెగ్గర్ చూసినాక నెమ్మదిగా మార్చుకోవచ్చు.

తీగలపని | 11:10
సర్క్యూటు వేరే అన్నది సరైన మాటే. కానీ ఆ మిద్దె గోడ మీద ప్లాస్టిక్ పట్టీ కొడితే చూసేదానికి ఎట్లుంటాదో తెలుసునా? ఎర్త్ గుంత మాత్రం జాలాడి నీళ్లు పోయే కాలవ పక్కన తవ్వమను. ఎప్పుడూ తడి ఉంటాది, బిందె పని లేదు.

ముప్పైమిల్లీ | 11:14
కాలవ పక్కన. అది నాకు తట్టలేదు. బాగుంది.

గుండ్రటిపిన్ను | 11:20
ఫ్రిజ్‌కు 6 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్టు చాలు. 5 అని అడిగితే అంగడాయన పాత స్టాకు అంటగడతాడు.

తీగలపని | 11:22
అయిదే.